అడగందే అమ్మయినా పెట్టదు.. గ్రామసభకు కాగితంతో వెళ్లండి!

"రేపు పొద్దున పది గంటలకు గ్రామసభ.. అందరూ రావాలహో" అని టముకు వేస్తారు. రెండెకరాలో మూడెకరాలో ఉన్న రైతు ఆ మాట విని, "మనం పోయి చేసేదేముంది, పెద్దోళ్లు చూసుకుంటార్లే" అని పొలం దారి పడతాడు. సభలో సగం కుర్చీలు ఖాళీ. ఆనక రిజిస్టరు ఇంటింటికీ తిరుగుతుంది. సంతకాలు, వేలిముద్రలు పడతాయి. ఏడాది గడిచాక చూస్తే సిమెంటు రోడ్డు ఒక వీధికి, పశువుల కొట్టాలు పదిమందికి, సంత వేలం ఒకరికి. "మాకేం రాలేదు" అని అప్పుడు అరుగుల మీద కూర్చుని చెప్పుకుంటారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. పంచాయతీ అమ్మకంటే మెత్తనిదేమీ కాదు.

పొలంలో ఏం పండించాలో రైతు నిర్ణయిస్తాడు. కానీ పొలానికి బండి పోయే డొంక బాగుండాలా వద్దా, పాలగేదెకు కొట్టం రావాలా వద్దా, సంతలో కూరగాయల గంపకు ఎంత కట్టాలి అనేవి నిర్ణయమయ్యేది పంచాయతీలో. పంటతో పాటు ఏదో ఒక చిన్న వ్యాపారం చేసుకుంటే తప్ప గడవని సన్నకారు రైతుకు ఈ నిర్ణయాలు వానంత ముఖ్యం.

రెండెకరాలతో గడిచేదెలా?

రెండున్నర ఎకరాల లోపు ఉంటే సన్నకారు రైతు, అక్కడి నుంచి ఐదెకరాల దాకా ఉంటే చిన్న రైతు అని ప్రభుత్వ లెక్క. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు. అంటే రెండెకరాల 32 సెంట్లు. తెలంగాణలో ఒక హెక్టారు. మన జిల్లా మెట్ట మండలాల్లో ఉదయగిరి, కలిగిరి, వింజమూరు వైపు ఇదీ ఎక్కువగా వానాధారమే. కాలం కలిసొస్తే మినుమో, కందో, పొగాకో నాలుగు డబ్బులు చూపిస్తుంది. కలిసిరాకపోతే పెట్టుబడి కూడా రాదు.

అందుకే ఇలాంటి ఇంట్లో రెండు గేదెలుంటాయి, పది గొర్రెలుంటాయి. ఇల్లాలు కారం పట్టి అమ్ముతుంది, కుట్టు మిషను పెట్టుకుంటుంది. కొడుకు సైకిళ్లు బాగుచేస్తాడు. పంట పోయిన ఏడు ఇల్లు నిలబెట్టేది ఈ చిల్లర ఆదాయమే. దీనికి ఆసరా ఇచ్చే పథకాలు లేకపోలేదు. అవి మన గడప దాకా రావాలంటే రెండు తలుపులు తట్టాలి. ఒకటి గ్రామసభ, రెండోది బ్యాంకు. మొదటి తలుపు ఉచితం. చాలామంది తట్టనిది దాన్నే.

మీ పేరు ఓటర్ల జాబితాలో ఉంటే మీరు సభ్యులే

రాజ్యాంగానికి 73వ సవరణ 1992లో జరిగింది. 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులు. భూమి ఉన్నా లేకున్నా, కౌలుకు చేసినా, కూలికి పోయినా తేడా లేదు. ఎవరూ పిలవనక్కర్లేదు, ఎవరి దయా అక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994లో వచ్చింది. దాని ప్రకారం గ్రామసభ ఏడాదికి రెండుసార్లయినా జరగాలి. పోయిన ఏటి జమాఖర్చులు, ఆడిట్ రిపోర్టు, ఈ ఏడు చేయబోయే పనులు, కొత్త పన్నుల ప్రతిపాదనలు సభ ముందు పెట్టాలి. సర్పంచి ఉన్నా, ప్రత్యేకాధికారి పాలన ఉన్నా సభ జరగాల్సిందే. ప్రత్యేకాధికారి ఉన్నచోట మనవైపు మాట్లాడే వార్డు మెంబరు ఉండడు కాబట్టి రైతు స్వయంగా వెళ్లడం మరీ అవసరం.

పంచాయతీలకు అప్పగించదగినవిగా రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో 29 అంశాలు రాశారు. మొట్టమొదటిది వ్యవసాయం. పాడి, కోళ్లు, చిన్న పరిశ్రమలు, కుటీర పరిశ్రమలు, సంతలు, గ్రామీణ రోడ్లు అన్నీ అందులో ఉన్నాయి. "ఇది పంచాయతీ పని కాదు" అని ఎవరైనా అంటే ఈ మాట గుర్తు చేయండి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

పంచాయతీకి డబ్బు ముఖ్యంగా మూడు దారుల్లో వస్తుంది. ఇంటి పన్ను, సంత వేలం, లైసెన్సు ఫీజుల వంటి సొంత ఆదాయం మొదటిది. ఆర్థిక సంఘం నిధులు రెండోది. 15వ ఆర్థిక సంఘం కాలంలో, అంటే 2021 నుంచి 2026 వరకు, ఈ నిధుల్లో 60 శాతం మంచినీళ్లకు, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలని షరతు ఉండేది. మిగతా 40 శాతాన్ని ఊరి అవసరం బట్టి వాడుకునే వీలుండేది. ఊరి అవసరం ఏమిటో చెప్పాల్సింది గ్రామసభే.

మూడోది ఉపాధి పనుల డబ్బు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. పని దినాలను 100 నుంచి 125కు పెంచింది. విత్తే కాలంలో, కోతల కాలంలో మొత్తం 60 రోజులు పనులు ఆపే వీలు రాష్ట్రాలకు ఇచ్చింది. రైతుకు ముఖ్యమైన మాట ఇంకొకటుంది. పనులు గ్రామ పంచాయతీ తయారుచేసే ప్రణాళిక నుంచే రావాలి. ప్రణాళికలో లేని పని ఎంత అవసరమైనా లెక్కలోకి రాదు. కాబట్టి కాగితం మీద మన పని ఎక్కించుకోవడం మునుపటికంటే ఇప్పుడే ఎక్కువ అవసరం.

గ్రామసభ తీర్మానానికి ఎంత విలువ ఉందో 2024లోనే చూశాం. ఆ ఏడాది ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి పనులకు తీర్మానాలు చేయించారు. సిమెంటు రోడ్లు, పంట కుంటలు, పశువుల కొట్టాలు వాటిలోంచి వచ్చాయి. మినీ గోకులం కింద ఆనాటి లెక్క చూడండి. రెండు పశువుల కొట్టానికి రూ.1.15 లక్షలు, నాలుగింటికి రూ.1.85 లక్షలు, ఆరింటికి రూ.2.30 లక్షలు. ఇందులో రైతు పెట్టుకోవాల్సింది పది శాతమే. అంటే రెండు గేదెలున్న రైతు రూ.11,500 పెడితే పక్కా కొట్టం. ఆ రోజు సభకు వెళ్లి పేరు రాయించుకున్నవారికి, ఇంట్లో కూర్చున్నవారికి తేడా లక్ష రూపాయల పైమాట.

ఏం అడగాలి?

"మా ఊరిని బాగుచేయండి" అని అడిగితే ఏ పనీ కాదు. పని పేరు, చోటు, ఎంతమందికి ఉపయోగమో చెప్పాలి. సన్నకారు రైతులు అడగదగినవి కొన్ని:

డొంక దారి: వాన పడితే బండి దిగబడే డొంక వల్ల నిమ్మకాయల బస్తా తల మీద మోయాల్సి వస్తుంది. మోత కూలి రైతు మీదే పడుతుంది. సర్వే నంబర్లతో సహా ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత పొడవు, ఎంతమంది రైతుల పొలాలు ఉన్నాయో రాసివ్వండి. ఆక్రమణ ఉంటే అదీ రాయండి.

పశువుల కొట్టం, నీళ్ల తొట్టి: కొట్టం ఒక్కొక్కరికి వచ్చేది. తొట్టి ఊరందరిదీ. వేసవిలో గొర్రెల మందలు తిరిగే ఊళ్లలో తొట్టి ఎక్కడ కట్టాలో కాపరులను అడిగి చెప్పండి.

పంట కుంట, చెరువు పూడిక: కుంట తవ్వడానికి మీ పొలంలో చోటు ముందే చూపించండి. పూడిక మట్టి ఎవరి పొలాలకు పోవాలో సభలోనే మాట్లాడుకోండి. తర్వాత తగాదా ఉండదు.

పని చేసుకునే చోటు: పొదుపు సంఘం ఆడవాళ్లు పచ్చళ్లు పెట్టుకోవడానికో, విస్తళ్లు కుట్టుకోవడానికో ఊళ్లో ఖాళీగా ఉన్న పంచాయతీ గది అడగవచ్చు. అద్దె ఎంత, ఎన్నేళ్లకు అన్నది తీర్మానంలో ఉండాలి. నోటిమాట మీద తీసుకుంటే సర్పంచి మారగానే ఖాళీ చేయమంటారు.

సంత: దీని గురించి కాస్త విడిగా చెప్పుకోవాలి.

సంతలో గంపకు ఎంత?

సంతలో కూర్చుని కూరగాయలో కోళ్లో అమ్ముకునే రైతు ఆశీలు కట్టాలి. ఈ ఆశీలు వసూలు చేసుకునే హక్కును పంచాయతీ వేలం వేస్తుంది. పాటదారు ఎంత ఎక్కువకు పాడితే పంచాయతీకి అంత ఆదాయం. కానీ పాటదారు ఆ డబ్బు రాబట్టుకునేది గంపల మీదనే. రేటు తెలియకపోతే గంపకు పది అడిగినా ఇరవై అడిగినా ఇచ్చి రావాల్సిందే.

కాబట్టి సంత ఉన్న ఊళ్లో గ్రామసభలో మూడు మాటలు అడగండి. గంపకు, బండికి, పశువుకు ఆశీలు ఎంతని పంచాయతీ తీర్మానించింది? ఆ రేట్ల బోర్డు సంతలో ఎందుకు లేదు? సంత ఆదాయంలో సంతకే ఎంత ఖర్చు పెట్టారు? నీడ, నీళ్లు, మరుగుదొడ్డి, దీపం లేని సంతకు కొనేవాడు తొందరగా వచ్చి తొందరగా పోతాడు. పొద్దు వాలేసరికి రైతు సరుకు అయినకాడికి తెగనమ్ముకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లు పట్నాల్లో రైతుకు సొంతంగా కూర్చునే చోటు చూపించాయి. పల్లెలో ఆ చోటు సంతే.

ఎలా అడగాలి?

నోటితో అడిగినది గాలికి పోతుంది. తెల్ల కాగితం మీద రాసి, పదిమంది సంతకాలు చేసి, రెండు నకళ్లు తీయండి. ఒకటి సభలో కార్యదర్శికి ఇవ్వండి. రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. మీ పని తీర్మానాల పుస్తకంలో రాశారో లేదో సభ ముగిసే ముందే చదివి వినిపించమనండి. ఖాళీ రిజిస్టరులో సంతకం పెట్టవద్దు. ఇంటికి తెచ్చిన రిజిస్టరులో అసలే పెట్టవద్దు.

తర్వాత పని ఏమైందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పంచాయతీ ప్రణాళిక, ఖర్చులు 'ఈ-గ్రామస్వరాజ్'లో కనిపిస్తాయి. 2020 ఏప్రిల్ 24న ఇది మొదలైంది. చదువుకునే పిల్లలున్న ఇంట్లో ఫోనులోనే చూపించమని అడగవచ్చు. లేదంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు.

రెండో తలుపు.. బ్యాంకు

చిన్న వ్యాపారానికి అప్పు అంటే ముందు గుర్తుకు రావాల్సింది పొదుపు సంఘం. ఈ విషయంలో మన జిల్లాది పెద్ద చరిత్ర. కలిగిరి మండలం దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకోవడమనే 'పొదుపు లక్ష్మి' ఈ జిల్లాలోనే వేళ్లూనింది. ఆ రూపాయి నుంచే ఇప్పుడు బ్యాంకుల్లో లక్షల రుణాలు తీసుకునే సంఘాలు పుట్టాయి. సంఘానికి పది లక్షల దాకా ఇచ్చే రుణానికి బ్యాంకు తాకట్టు అడగరాదని నిబంధన.

ఒక్కరే పెట్టుకునే వ్యాపారానికి ముద్ర రుణం ఉంది. 2015 ఏప్రిల్‌లో మొదలైంది. 50 వేల దాకా 'శిశు', 5 లక్షల దాకా 'కిశోర్', 10 లక్షల దాకా 'తరుణ్' అంటారు. తాకట్టు అక్కర్లేదు. అయితే ముద్రలో సబ్సిడీ లేదు. "ముద్ర తీసుకుంటే సగం మాఫీ" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

పాడికి, గొర్రెలకు 2018-19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు మీద కూడా పెట్టుబడి రుణం ఇస్తున్నారు. 2025-26 నిబంధనల ప్రకారం పాడికి 2 లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులోగా కడితే 4 శాతమే. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా తాకట్టు లేని పంట రుణం కూడా ఉంది. వడ్డీవ్యాపారి దగ్గర నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. ఈ రెంటికీ తేడా మీరే వేసుకోండి.

సబ్సిడీ లెక్క ఇలా..

కొత్తగా యూనిట్ పెట్టేవారికి ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం 2008 నుంచి నడిచింది. 2022-26 నాటి నిబంధనల్లో పల్లెలో పెట్టే యూనిట్‌కు మామూలు వర్గాలకు 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 35 శాతం సబ్సిడీ. సొంత వాటా మొదటివారికి 10 శాతం, రెండోవారికి 5 శాతం.

ఒక రైతు భార్య 2 లక్షలతో కారం, పిండి మిల్లు పెట్టుకుందనుకుందాం. ఆమె పెట్టేది రూ.10 వేలు. బ్యాంకు ఇచ్చేది రూ.1.90 లక్షలు. సబ్సిడీ రూ.70 వేలు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ 70 వేలు చేతికి రావు. మూడేళ్ల పాటు బ్యాంకులో ఆమె పేరున డిపాజిట్‌గా ఉంటాయి. మిల్లు నిజంగా నడుస్తోందని తనిఖీలో తేలితే అప్పులో జమవుతాయి. అంతదాకా ఆ మొత్తానికి వడ్డీ పడదు. నికరంగా తీర్చాల్సింది రూ.1.20 లక్షలు. 11 శాతం వడ్డీకి ఐదేళ్లు వేసుకుంటే నెలకు సుమారు రూ.2,600. కరెంటు బిల్లు, మరమ్మతు, కూలి పోగా రోజుకు 90 రూపాయలు మిగిలితే కిస్తీ గట్టెక్కుతుంది. మిగలదనిపిస్తే సబ్సిడీ ఎంత ఊరించినా ఆ జోలికి పోవద్దు.

పచ్చళ్లు, అప్పడాలు, పిండివంటలు, నూనె గానుగ వంటి తిండి సరుకుల తయారీకి 2020 జూన్‌లో మరో పథకం వచ్చింది. యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ. ఇందులో ముందే నడుస్తున్న చిన్న యూనిట్లకూ అవకాశం ఇచ్చారు. పొదుపు సంఘాల్లో ఈ పని చేసే ఒక్కో సభ్యురాలికి పెట్టుబడిగా రూ.40 వేల దాకా సంఘం ద్వారా అందించేలా పెట్టారు. ఏ పథకానికైనా ఈ ఏడాది దరఖాస్తులు తీసుకుంటున్నారా అని జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగిన తర్వాతే ఖర్చు మొదలుపెట్టండి.

ఇక్కడే దెబ్బతింటారు

ఒకటి.. మంజూరు కాకముందే అప్పు చేసి మిషను కొనేస్తారు. కొత్త యూనిట్‌కే సబ్సిడీ ఇచ్చే పథకంలో పాత తేదీ బిల్లుతో వెళితే చెల్లదు.

రెండు.. "కాగితాలన్నీ మేం చూసుకుంటాం, పది శాతం ఇవ్వండి" అనే దళారిని నమ్ముతారు. ముద్రకు ఏజెంట్లు లేరు. వ్యాపారం నమోదు చేసుకునే 'ఉద్యమ్' రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఉచితంగా జరుగుతుంది.

మూడు.. ఊళ్లో ఉన్నదే మళ్లీ పెడతారు. మూడొందల గడపల ఊళ్లో రెండు మిల్లులుంటే మూడోది పెట్టిన వారూ మునుగుతారు, ఉన్నవారూ మునుగుతారు. సరుకు ఎవరు కొంటారో ముందు చూసుకుని మిషను తర్వాత చూసుకోవాలి.

నాలుగు.. పని నేర్చుకోకుండా దిగుతారు. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో భోజనం, వసతితో సహా ఉచితంగా నేర్పుతారు. పాడి, కుట్టుపని, మోటారు మరమ్మతు లాంటివి ఉంటాయి. శిక్షణ పత్రం బ్యాంకులో అక్కరకొస్తుంది.

ఊరు కలిస్తే..

ఉమ్మడి వరంగల్ జిల్లా గీసుకొండ మండలంలో గంగదేవిపల్లి అనే చిన్న పల్లె ఉంది. 1994లో ప్రత్యేక పంచాయతీ అయింది. ఆ ఊరివాళ్లు నీళ్లకో కమిటీ, పారిశుద్ధ్యానికో కమిటీ అని పనులు పంచుకున్నారు. ఇంటి పన్ను నూటికి నూరు శాతం కట్టి చూపించారు. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం అందుకున్నారు. వాళ్లకు ఆకాశం నుంచి ప్రత్యేకంగా నిధులు ఊడిపడలేదు. పన్ను కట్టిన మనిషి లెక్క అడుగుతాడు. లెక్క అడిగే ఊళ్లో డబ్బు దారి తప్పడం కష్టం. మన ఊళ్లో ఇంటి పన్ను బాకీ ఉన్నవాళ్లు ముందు అది కట్టి రసీదుతో సభకు వెళ్లడం మంచిది. అప్పుడు అడిగే గొంతులో బలం వేరు.

వచ్చే గ్రామసభ లోపు చేయాల్సింది ఇంతే. మీ వీధిలో, మీ పొలాల గట్టున ఉన్న నలుగురైదుగురు రైతులు ఒకచోట కూర్చోండి. ఆడవాళ్లనూ కూర్చోబెట్టండి. మందలో, సంతలో, సంఘంలో లెక్క వాళ్లకే బాగా తెలుసు. రెండే రెండు పనులు ఎంచుకోండి, పది కాదు. కాగితం రాయండి. సభ నాడు ఒక పూట పొలం పని ఆపండి. ఆ పూట కూలి పోయినా ఫరవాలేదు. డొంక బాగుపడితే ఏటా మిగిలే మోత కూలి దానికి ఎన్నో రెట్లు.